సీసా అడుగున తెల్ల పొడి

1982లో జనగామలో ఒక చిన్న నర్సింగ్ హోంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ని. రిపోర్టు తేడాగా వస్తే ముందు మనిషిని అనుమానించడం నా గుణం. రక్తం అబద్ధం చెప్పదు, తెచ్చినవాడే చెబుతాడు అనేవాణ్ని.

ఆ ఎండాకాలం నా అనుమానమంతా పెద్దవంగర కంపౌండర్ మీద. అక్కడి కిరాణా సావుకారి వీరేశం గారికి షుగర్, కాలి పుండు మానడం లేదు. మేమిచ్చే బల్బును, అంటే చిన్న గాజు సీసాను, ఆయన తమ్ముడు సోమయ్య ముందురోజే తీసుకెళ్లేవాడు. పొద్దున కంపౌండర్ రక్తం తీస్తే, సోమయ్యే రెండు బస్సులు మారి సాయంత్రానికి తెచ్చేవాడు. దాంతోపాటే తెచ్చిన మూత్రానికి చేసే బెనెడిక్ట్ పరీక్షలో ఇటుక రంగు వచ్చేది, అంటే షుగర్ దండిగా ఉన్నట్టు. రక్తంలో చూస్తే తక్కువ. పైగా ఆ రక్తం గడ్డకట్టి వచ్చేది. కంపౌండర్ ఇంకెవరి రక్తమో నింపి పంపుతున్నాడని ఖాయం చేసుకున్నాను.

పుండు ముదిరి చివరికి వీరేశం గారినే జీపులో తెచ్చారు. డాక్టర్ గారు నా రిపోర్టులు చూసి, ఇన్సులిన్ తగ్గిద్దామన్నారు. రిపోర్టు తప్పయితే ఆ కాలు పోతుంది, మనిషే పోవచ్చు.

"జర ఆగండి సార్, ఈసారి నేనే తీసి చూస్త" అన్నాను.

కొత్త బల్బు తీయగానే వీరేశం గారి భార్య సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుంది. మరిది సోమయ్య బయటికి పోయేదాకా ఆగి, మెల్లగా అంది.

"తమ్మీ, అండ్ల పొడి ఉన్నది సూడు. కడిగినంకనే పొయ్యి."

"కడుగుడేంది అక్కా?"

"ఇంటికి తెచ్చిన సీసల గూడ గిట్లనే ఉంటది. దుకాణం పంచుమని మా మరిది కొట్లాడుతుండు. అన్నకు మందు పెట్టిండేమోనని, నేను ఉడుకు నీళ్లతోని కడిగి ఎండబెట్టి ఇస్తున్న."

ఆ పొడి మేం వేసిందే. అందులోని ఆక్సలేట్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఫ్లోరైడేమో, సీసాలో పడ్డాక రక్తకణాలు షుగర్‌ను తినేయకుండా ఆపుతుంది. రెండూ కొట్టుకుపోయాక, ఆ ఎండలో జనగామ చేరేసరికి షుగర్ తరిగిపోక ఏం చేస్తుంది? పాపం, కంపౌండర్ చేసిన తప్పేమీ లేదు.

అది మరిది పెట్టిన మందు కాదని నేనిదంతా సుగుణమ్మకు చెబుతుంటే సోమయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు.

"వదినా, అన్నకు నేను మందు పెడతనా?"

సుగుణమ్మ అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి వదిలేసింది.

ఆ రోజు నేను తీసిన రక్తంలో షుగర్ మూత్రం చెప్పినట్టే దండిగా ఉంది. ఇన్సులిన్ పెంచారు. కాలు దక్కింది.

అప్పటినుంచి మూత తీసి పొడి చూపించి, అదెందుకో చెప్పనిదే ఎవరికీ బల్బు ఇవ్వలేదు. మన గుమ్మం దాటాక అది ఏ ఇంటి అనుమానంలో పడుతుందో మనకేం తెలుసు?

మళ్లీ పరీక్షకు సోమయ్య వదినను వెంటబెట్టుకుని వచ్చాడు. అలవాటుగా బల్బు అతనికే ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆమెకే ఇయ్యి సార్. నేను ముట్ట."