కార్బురేటర్‌కు తగిలిన దిష్టి

ఈ రోజు కర్నూలులో మా ఇంటి ముందర నా కారుకు దిష్టి తగిలింది. అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బురేటర్లు కొత్తగా రెండు బిగించాను. రబ్బరు గొట్టం ఒక కొస నా చెవిలో, ఇంకో కొస వాటి నోటి దగ్గర పెట్టి, రెండూ సమానంగా బుసకొట్టేదాకా మరలు తిప్పుతూ పొద్దంతా ఎండలో మాడాను.

తీరా కుదిరాక అమ్మ తెరిచి ఉన్న బానెట్‌కు బంతిపూల దండ వేసి కర్పూరం వెలిగించింది. అప్పుడే వచ్చిన మామ, అంటే అమ్మ వాళ్ల అన్న, ఇంజను మోత విని మురిసిపోయాడు.

"శానా బాగుండాది రా! రేపు మావాని పెండ్లి మెరవణికి బేతంచెర్లకు తోలకపోతా."

నాపరాళ్ల లారీలు తిరిగే ఆ గుంతల దారిలో పోయొస్తే నేను కుదిర్చిన శ్రుతి మిగులుతుందా? ఇంతలో ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. వంగి చూస్తే ఒక కార్బురేటర్ నోట్లో బంతి రేకలు ఇరుక్కుని ఉన్నాయి. చెప్పబోయేలోగా అమ్మ అందుకుంది.

"నీ కండ్లు పడినాయి అన్నా! ఇంక దాని పక్క చూడాకు."

"బాగుండాదంటి, అంతే గదమ్మా!"

నేను పెద్దల మాటకు అడ్డు రాలేదు. పాపం, మామే నిమ్మకాయతో దిష్టి తీసి, ఊరేగింపుకు జట్కా బండి మాట్లాడుకుంటానని వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగాక రేకలు తీసి జేబులో వేసుకున్నాను. తాళం తిప్పగానే ఇంజను మళ్లీ కమ్మగా బుసకొట్టింది.

"నిమ్మకాయ మహిమ చూస్తివా!" అంది అమ్మ.

చూశానన్నాను. మీరైతే జేబు తిప్పి చూపించేవారా?