రాజవ్వ కండ్లు

చొప్పదండిలో పాతవాళ్లకు అబ్బాస్ అంటే ఫోటో అబ్బాసే. అరవై ఏడేళ్లు వచ్చాయి. స్టూడియో మూసి తొమ్మిదేళ్లయింది, ఆ గదిలో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అయినా మనిషి ఇంటిపట్టున ఉండడు. పొద్దున చాయ్ తాగి, చేతిసంచిలో నీళ్ల సీసా, రెండు రొట్టెలు పెట్టుకుని బస్సెక్కుతాడు. ఒకరోజు కొండగట్టు దిక్కు, ఒకరోజు సుల్తానాబాద్ దిక్కు. ఏదో ఊళ్లో దిగి, ఏదో ఇంటి ముందు నిలబడి "జర మంచినీళ్లియ్యుండ్రి" అంటాడు. సంచిలో నీళ్లు ఉండగా ఈ అడుగుడేంది అంటే, లోపలి గోడ మీద తను తీసిన ఫోటో ఇంకా ఉందా లేదా చూసుకోవాలి.

ఉన్నచోట కడుపు నిండుతుంది. దాని జాగాలో రంగురంగుల ఫ్లెక్సీ వేలాడుతుంటే ఆ పూట రొట్టె సహించదు. అన్ని వన్నెల ఫ్లెక్సీలో పెద్దమనిషి మొహం మైదాపిండి ముద్దలా ఉంటుందని అతని కోపం. ఆ కోపం ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇంటికొచ్చి భార్య షకీలాకు చెప్తాడు. వాళ్లింట్లో మాట ఉర్దూ, తిట్టు మాత్రం తెలుగు.

"గోడలు సూడనీకె ఊర్లు వట్టుకొని తిరిగెటోన్ని నిన్నే సూసిన," అంటుంది షకీలా.

ఈ తిరుగుడు వెనక ఒక సంగతి ఉంది. ఆ రోజుల్లో ఊళ్లలో చాలామంది బతికినన్నాళ్లూ ఒక్క ఫోటో దిగేవాళ్లు కాదు. పోయాకే ఇంటివాళ్లకు గుర్తొచ్చేది. సైకిల్ మీద మనిషిని పంపి అబ్బాస్‌ను పిలిపించేవాళ్లు. శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు తువ్వాల బిగించేవాళ్లు. ఫోటో తీయడం ఎంతసేపు? అసలు పని తర్వాత ఉండేది. మూసిన కండ్లను కాగితం మీద తెరవాలి. రెప్పల నీడను బ్లేడుతో మెల్లగా గీకి, రెండు వెంట్రుకల కుంచెతో కనుగుడ్లు దిద్ది, చివరికి ఆవగింజలో సగమంత తెలుపు పెట్టేవాడు. ఆ తెలుపు పడిందంటే చచ్చినవాళ్లు మనల్ని చూస్తున్నట్టే ఉండేది.

పని నేర్పింది కరీంనగర్‌లో ఉస్తాద్ నాగయ్య. "సూడని కండ్లు గీయలేవురా. నీకు బాగ ఎర్కున్నోళ్ల కండ్లు వెట్టు, పానం వస్తది," అన్నాడు. అబ్బాస్‌కు అప్పుడు ఇరవై ఒకటి. నిఖా అయి మూడు నెలలు. బాగా ఎరిగిన కండ్లంటే లోకంలో ఒకటే జత. అట్లా ముసలివాళ్లకూ పడుచువాళ్లకూ, చివరికి బుర్రమీసాల పోలీసు పటేలు ఒకాయనకు కూడా షకీలా కండ్లే పెట్టాడు. ఎవరూ తప్పు పట్టలేదు. అచ్చం బతికినట్టే ఉన్నాడని పటేలు కొడుకులు కండ్లకు అద్దుకున్నారు. అబ్బాస్ దాన్ని మోసం అనుకోలేదు. తన చేతి కళ అనుకున్నాడు, లోలోపల గర్వపడ్డాడు కూడా.

వాటిలో మొదటిది రాజవ్వ ఫోటో. సుల్తానాబాద్ దగ్గర పల్లె ఆమెది. తొలికాన్పులోనే పోయింది, పిల్ల బతికింది. ఆ పిల్ల కోమల. తండ్రి మారుమనువు చేసుకుంటే, రాజవ్వ అక్క లింగవ్వ పిల్లను తెచ్చుకుని సాకింది. కోమలకు తల్లి అంటే గోడ మీది ఆ ఫోటోయే. జ్వరమొస్తే దాని కింద పడుకుంది, పెళ్లిపీటల మీదికి దానికి మొక్కి నడిచింది.

కోమలకు ఇప్పుడు నలభై ఆరు. కిందటి నెల ఆ ఫోటోను తువ్వాలలో చుట్టుకుని చొప్పదండి వచ్చింది. చెమ్మ పట్టి చీర అంచు, ఒక చెంప పోయాయి. కండ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

"కాకా, దీన్ని కొత్తగ చేసియ్యి," అంది. "మా బిడ్డ ప్రవళికకు ఆడివిల్ల వుట్టింది. ఇరవై ఒకటో దినం తొట్టెల చేస్తున్నం. మా అవ్వే మల్ల వుట్టింది కాకా! కండ్లు సూడు, గిట్లనే ఉన్నయి. పేరుకు భవ్యశ్రీ అని వెడుతున్నం గని, పిలుసుడు రాజవ్వనే."

అబ్బాస్ ఫోటోను మళ్లీ తువ్వాలలో చుట్టాడు. చేసిస్తాను బిడ్డా అన్నాడు, అంతే.

కొడుకు అవేజ్‌కు కరీంనగర్‌లో ఫోటోల ల్యాబు ఉంది. అతను కంప్యూటర్‌లో బొమ్మను పెద్దగా చేసి, చెంప అతికి, చీర అంచు గీసి, కండ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "అబ్బాజాన్, ఎవరీమె? కండ్లు అచ్చం అమ్మీవే," అని నవ్వాడు. అబ్బాస్ నవ్వలేదు. నలభై ఆరేళ్లుగా ఎవరికీ కనపడనిది కొడుకు కంట ఇట్టే పడింది.

ఆ సాయంత్రం షకీలాకు అంతా చెప్పేశాడు. మొదట ఆమె పోలీసు పటేలు మీసాలు తలుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది.

"నన్నొక్క మాట అడగకుంట నా కండ్లు ఊరూర పంచినవా?" అంది. మళ్లీ తనే అంది, "గా పిల్ల తల్లిని ఎన్నడు సూడలే. నన్ను సూసి అవ్వా అని మొక్కింది. పాపం కాదా? పొయ్యి చెప్పు. చెప్పకుంట వస్తివా, నాకు మొకం సూపియ్యకు."

నిజం చెప్పడం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ నలభై ఆరేళ్లు నిలవ ఉన్న నిజాన్ని ఏ మొహంతో పట్టుకుపోవాలి? చెప్తే కోమలకు ఉన్న ఒక్క తల్లి పోతుంది. చెప్పకపోతే ముక్కుపచ్చలారని పిల్ల ఎవరివో కండ్లను ముత్తవ్వ కండ్లని మోస్తూ పెరుగుతుంది. పది రోజులు అబ్బాస్ ఏ ఊరూ పోలేదు. బస్టాండు దాకా వెళ్లి చాయ్ తాగి తిరిగొచ్చేవాడు. తన చేతి పని తలుచుకుంటే మొదటిసారి సిగ్గేసింది.

పిల్లను తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు కొత్త ఫోటో పట్టుకుని బస్సెక్కాడు. ఆడవాళ్లకు టికెట్ ఎత్తేసినప్పటి నుంచి ఆ బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. ఒకామె లేచి "కూసో పెద్దయ్యా" అంది. పెద్దయ్యా అన్న మాట కొంచెం గుచ్చుకుంది, కానీ మోకాళ్లు కూర్చోమన్నాయి. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

ఇంటి ముందు టెంటు, మైకులో పాటలు. ప్రవళిక మొగుడు సంపత్ దోహా నుంచి ఫోన్‌లో చూస్తున్నాడు. కోమల ఫోటోను తొట్టెల పైన గోడకు తగిలించి, పిల్లను ఎత్తి దాని పక్కన పట్టుకుంది. "సూడుండ్రి, ఉన్నయా లేవా?" అంది. ఉన్నాయి ఉన్నాయి అన్నారు అందరూ. ఇరవై ఒక్క రోజుల పిల్లకు ఎవరి కండ్లుంటాయి? ఇంకా చూపే నిలవలేదు. కానీ కోమల మొహంలో వెలుగు చూస్తే ఎవరైనా ఔననే అంటారు.

"కోమలా, నీకొక్క మాట చెప్పాలె బిడ్డా," అన్నాడు అబ్బాస్.

"తిన్నంక చెప్పు కాకా. ఫస్టు బంతిల కూసో," అని ఆమె వంటల దిక్కు పోయింది.

అరుగు మీద చాప వేసుకుని కూర్చున్న లింగవ్వ ఆ మాట విని చెయ్యి ఊపి పిలిచింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, మాట మాత్రం గట్టిగా ఉంది.

"తమ్మీ, గిట్ల రా. గా కండ్లు మా రాజియి కావని చెప్పనీకె వచ్చినవా?"

అబ్బాస్ అరుగు అంచున కూర్చున్నాడు. "నీకెట్ల ఎర్క అక్కా?"

"నువ్వు ఫోటో తెచ్చిన దినమే ఎర్క. నేను దాని అక్కను. దానిది మెల్లకన్ను. నవ్విందంటె ఒక కన్ను ముక్కు దిక్కు వోయేది. మెల్లరాజి, మెల్లరాజి అని ఊరంత ఏడిపిచ్చిండ్రు. గా కన్నుకే మూడు సంబంధాలు ఎనుకకు వోయినయి. నువ్వు సక్కటి కండ్లు వెట్టుకొస్తివి. సచ్చినంకనన్న సక్కగ కనవడనీ అని నోరు మూసుకున్న. కోమలకు సుత చెప్పలే. నువ్వు సుత చెప్పకు."

అబ్బాస్ కండ్లు తుడుచుకున్నాడు. గుండె మీది బండ ఎవరో దించినట్టయింది. ఆ తేలికలోనే ఒక ఆశ పుట్టింది. రాజవ్వ అసలు కండ్లు ఎరిగిన మనిషి ఒకరు ఉన్నారు, ఎదురుగా కూర్చున్నారు! ఎప్పుడూ జేబులో ఉండే పెన్సిలు, చిన్న పుస్తకం తీశాడు.

"అక్కా, నువ్వు చెప్పు, నేను గీస్త. అసలు కండ్లు. నీ ఒక్కదానికే. ఒక్కసారన్న సచ్చిపోయినోళ్లకు వాళ్ల కండ్లు వాళ్లకిస్త."

లింగవ్వ మొహం చిన్నపిల్ల మొహమైంది. "గీస్తవా తమ్మీ?" అని కండ్లు మూసుకుంది. "కనుబొమ్మలు సన్నం. దగ్గర దగ్గరుండె. రెప్పలు నిండుగ..."

అబ్బాస్ పెన్సిలు కదిలింది. కనుబొమ్మలు వచ్చాయి, రెప్పలు వచ్చాయి.

"మెల్ల ఏ కన్నక్కా?"

"కుడి కన్ను," అని లింగవ్వ తన కుడి కంటి మీద వేలు పెట్టుకుంది. ఆ వేలు అక్కడే ఆగింది. "కాదు... నాకెదురుంగ కూసుంటె..." వేలు ఎడమ కంటి మీదికి పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

అబ్బాస్ పెన్సిలు పట్టుకుని ఎదురు చూశాడు. లింగవ్వ కండ్లు తెరిచింది. ఆ కండ్లలో భయం ఉంది.

"తమ్మీ, యాదికొస్తలేదు. ఎంత యాది జేస్కున్నా గా గోడ మీదియే వస్తున్నయి. నువ్వు వెట్టినయే వస్తున్నయి." వేలు ఇంకా రెండు కండ్ల మధ్య తిరుగుతూనే ఉంది. "కుడిదా? ఎడమదా? అయ్యో, గిప్పుడు సచ్చిపాయె తమ్మీ నా చెల్లె!"

ఆమె ఏడుపు విని కోమల పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది పెద్దవ్వా?"

"ఏం లేదు బిడ్డా," అంది లింగవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మీ అవ్వ యాదికొచ్చింది."

అబ్బాస్ ఆ కాగితాన్ని చించలేదు, ఎవరికీ ఇవ్వలేదు. రెండు కనుబొమ్మలు, రెండు జతల రెప్పలు, వాటి మధ్య తెల్లటి ఖాళీ. మడిచి జేబులో పెట్టుకుని, పొద్దు వాలకముందే ఇల్లు చేరాడు.

షకీలా తలుపు తీసి అడ్డంగా నిలబడింది. "చెప్పినవా?"

అతను వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు. రెండూ విప్పినా లేవలేదు.

"నిన్నే. నా దిక్కు సూసి చెప్పు," అంది షకీలా.

మొహం చూపించొద్దని అన్నది ఆమె. తల ఎత్తి ఆ కండ్లలోకి చూసే ధైర్యం లేనిది మాత్రం అతనికే.