చేతి మీద టైము

నా భార్య పోయిన మంగళవారం పొద్దున హనుమకొండలో మా ఇంట్లోనే చనిపోయింది. క్యాన్సర్. అరవై నాలుగేళ్ళు. వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు, "ముత్తయిదువగా పోయింది, పుణ్యాత్మురాలు" అని. నాకంటే ముందు చనిపోవడమే ఆమె సాధించిన పని అన్నట్టు. ఆమె మిలటరీ నర్సు అనీ, మన సైన్యం శ్రీలంకకు వెళ్ళినప్పుడు అక్కడి యుద్ధంలో దాదాపు ఏడాది పనిచేసిందనీ ఒక్కరూ తలచుకోలేదు. వాళ్ళను తప్పు పట్టను. ఆ మాట మా ఇంట్లో వినపడకుండా చేసింది నేనే.

ఆమెది ములుగు దగ్గర ఊరు, కూలి చేసుకునే కుటుంబం. నర్సింగు చదివి సైన్యంలో లెఫ్టినెంటుగా చేరింది. శ్రీలంక నుంచి తిరిగొచ్చిన ఏడాదే మా పెళ్ళి. పెళ్ళిలో మా మేనత్త అడిగింది: "సిలోనుకు పోయొచ్చినవట గదా కోడలా, జపాన్ టేప్ రికార్డర్ తెచ్చినవా?"

"దోమకాట్లు తెచ్చిన అత్తమ్మా, పంచమంటవా?"

అందరూ నవ్వారు. ఆ యుద్ధం గురించి మావాళ్ళు ఆమెను అడిగిన ప్రశ్న అదొక్కటే.

"మొగోళ్ళ ఒళ్ళు తుడిచే నౌకరి మనింట్ల ఎందుకు బిడ్డా?" అంది మా అమ్మ. నా భార్య సైన్యంలో సర్వీసు గడువు పొడిగించుకుంటానంటే వద్దన్నాను. కాలేజీలో తోటి లెక్చరర్లు అడిగితే, పెళ్ళికి ముందు ఏదో ఆసుపత్రి ఆఫీసులో గుమస్తాగా చేసేదని చెప్పాను.

ఇంట్లో ఎవరికి మందు వేసినా ఆమె వాళ్ళ ఎడమ చేతి మీద పెన్నుతో టైము రాసేది. జ్వరం మాత్ర వేసుకున్న మర్నాడు మా అమ్మాయి ఆ అంకెలతోనే బడికి పోయేది. "నేనేమన్న గోడ గడియారాన్నా?" అని మా అమ్మ విసుక్కునేది. ఆమె నవ్వి మళ్ళీ రాసేది. "యాదికుంటదనుకునుడే తప్పు. రాయంది వేయనట్టే" అనేది.

అలా ఎందుకు రాస్తుందో పెళ్ళైన రెండో ఏట నాకు చెప్పింది. ఒక్కసారే. శ్రీలంకలో గాయపడినవాళ్ళకు నొప్పికి మార్ఫిన్ సూది వేస్తే, వెంటనే ఆ మనిషి నుదుటి మీద 'ఎం' అక్షరం, టైము రాయాలి. తర్వాత వచ్చే నర్సు చూసుకుని మళ్ళీ వేయకుండా. వెంటనే రెండోది పడితే ఊపిరి ఆగిపోవచ్చు. ఒక మధ్యాహ్నం హెలికాప్టర్‌లో చాలామందిని ఒకేసారి తెచ్చారు. ఒక జవానుకు ఆమె సూది వేసింది. పెన్ను తీసేలోగా పక్క స్ట్రెచర్ దగ్గర నుంచి కేక. పరుగెత్తింది. ఇంకో నర్సు వచ్చి అతని నుదురు చూసింది. ఖాళీగా ఉంది. తనూ వేసింది. అతను మళ్ళీ లేవలేదు.

"గాయంతోనే పోయిండని డాక్టర్ రాసిండు. నాకెరుక" అంది. "డోర్నకల్ దిక్కు పిలగాడు. 'జర తగ్గిందక్కా' అన్నడు. నుదుటి మీద చెమట తుడిచిన గని, రాయలే."

అది నాలోనే ఉంచుకోవలసిన మాట. కొన్నేళ్ళకు మా అమ్మ ఒకరోజు కళ్ళు తిరిగి పడిపోయింది. బీపీ మాత్ర రెండుసార్లు పడిందేమోనని నాకు అనుమానం. చుట్టూ చేరిన బంధువులందరి ముందు నా భార్యను అన్నాను: "ఒకన్ని చంపింది సాలదా?"

ఆమె మా అమ్మ చేయి తిప్పి నాకు చూపించింది. ఎనిమిదిన్నర అని రాసి ఉంది. ఒక్కసారే.

తర్వాత ఆమె అందరితో మాట్లాడింది, నవ్వింది, నాకు వండి పెట్టింది. శ్రీలంక పేరు మాత్రం ఎత్తలేదు. తప్పయిందని చెప్పాలనుకున్నాను. ముప్పై ఏళ్ళు అనుకుంటూనే ఉన్నాను.

చివరి రెండు నెలలు నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇంట్లోనే వేయమన్నారు, నాలుగు గంటలకొకటి. మొదటి మాత్ర మింగి ఆమె ఎడమ చేయి నా ముందుకు చాపింది.

"రాయి."

నేను పెన్ను కోసం ఇల్లంతా వెతికాను.

"గింతకాలం సారువైతివి, జేబుల పెన్నుండదా?"

రాశాను. ఆ రోజు నుంచి ప్రతిసారీ పాతది స్పిరిటుతో తుడిచి రాశాను. ప్రతిసారీ అడిగేది, "రాసినవా?" అని. నన్ను నమ్మక అడిగేదో, నాకు నేర్పడానికి అడిగేదో తెలియదు. తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

మంగళవారం పొద్దున మాత్ర వేశాక కూడా అడిగింది. "రాసిన" అన్నాను. ఒక గంటకు పోయింది.

స్నానం చేయించేటప్పుడు మా అక్క ఆమె చేతిని పసుపుతో గట్టిగా రుద్దింది. "ఈ గీతలు పోతలెవ్వు తమ్మీ, జర సబ్బియ్యి."

"ఉండనీ అక్కా."

నుదుటి మీద రూపాయంత కుంకుమ పెట్టారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ బొట్టుకు దండం పెట్టుకున్నారు. చితి మీద పడుకోబెట్టినప్పుడు ఎడమ చేయి గుడ్డలోంచి కొంచెం బయటికి జారింది. పసుపు కింద నీలం సిరా, నా దస్తూరి. ఆరూ పది. ఒక్కసారే.