నల్లోడి కోసం ఆగిన మగ్గం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మీ మోకాళ్ళ నొప్పులూ నా మోకాళ్ళ నొప్పులూ ఒక పక్కన పెట్టి ఈ నాలుగు మాటలు వినండి.

పోయిన వారం వేలూరులో మా మనవరాలి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ముసలి కుక్కకు కడుపులో గడ్డ లేచిందట. ఇక కోత కోసి లాభం లేదు, నొప్పి తెలియకుండా మందిస్తాను, ఇంట్లోనే పెట్టుకుని సుఖంగా సాగనంపండి అని డాక్టరు చెప్పాడట. పాపం ఆ పిల్ల టీవీ కట్టేసి, మిక్సీ మానేసి, పిల్లల్ని పక్కింటికి తోలేసి, మేము దగ్గినా ఉలిక్కిపడుతూ తిరుగుతోంది. ఆ నిశ్శబ్దంలో కూర్చున్న నాకు మా అత్తారి ఊరు గుడియాత్తంలో మా మామగారి కుక్క నల్లోడు కళ్ళ ముందుకొచ్చాడు.

మాది లుంగీలు నేసే ఇల్లు. మామగారిది గుంట మగ్గం, గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసేవారు. నల్లోడు కళ్ళు తెరవని పిల్లగా ఉన్నప్పుడే ఎవరో వీధిలో పారేసిపోతే, మామగారు తెచ్చి ఆ గుంటలోనే పెంచారట. నేను కాపురానికి వచ్చేసరికే వాడు పెద్దకుక్క, అయినా వాడి పడక ఆ గుంటే, ఆయన పాదాల పక్కనే. పైన పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, కింద చెక్కలు టకటకమంటుంటే, వాడు పసిబిడ్డలా నిద్రపోయేవాడు. అమావాస్యకు మగ్గానికి సెలవిచ్చినా కండెలు చుట్టే నా రాట్నం తిరుగుతూనే ఉండేది. రెండూ కలిసి ఆగేది ఇంట్లో చావు జరిగినప్పుడే. మా అత్తగారు పోయిన నాడు అలాగే ఆగాయి. ఆ రోజంతా నల్లోడు గది గదికీ తిరిగి ఆమెను వెతికి, చివరికి ఆమె చాప మీద ముడుచుకుని, పెట్టిన కూడు ముట్టలేదు.

తరువాత కొన్నేళ్ళకు వాడి వెనక కాళ్ళు పడిపోయాయి. తొడ మీద పుండు పడి చీము కారేది, ఎన్నిసార్లు వేపాకు నీళ్ళతో కడిగినా వాసన పోయేది కాదు. పశువుల డాక్టరు చూసి పెదవి విరిచి వెళ్ళిపోయాడు. ఏటి అవతల వదిలేసి వద్దామన్నారు మా బావగారు, మా ఊళ్ళో ముసలి కుక్కల్ని అలా వదిలేయడం కొత్తేమీ కాదు. మామగారు నాడె ఆపకుండానే అన్నారు, "వాడి కాళ్ళు పడిపోయినాయని ఏటవతల వదిలేస్తే, రేపు నా కాళ్ళు పడిపోయినప్పుడు నన్ను యాడ వదుల్తావు నాయనా?"

ఆయనకున్నది ఒకటే కోరిక, వాడు భయం లేకుండా ఇంట్లోనే పోవాలని. పాత లుంగీ ముక్కలు పరిచి, ఒక పక్క ఒరుసుకుపోకుండా తిప్పి పడుకోబెట్టేవారు, గంజి చెంచాతో పోసేవారు. అయినా వాడు మూలుగుతుంటే, చెక్క తొక్కినప్పుడల్లా గుంట అదిరి పుండు సలుపుతోందేమోనని ఆయనకు తోచింది. వాడిని ఎత్తి నడవలో పడుకోబెట్టి మగ్గం ఆపేశారు, నన్ను రాట్నం కూడా ఆపమన్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. ఇక హాయిగా నిద్రపోతాడనుకున్నాం.

వాడు తల ఎత్తాడు. చెవులు నిక్కించి కాసేపు విని, ముందు కాళ్ళతో నేల మీద ఈడ్చుకుంటూ బయలుదేరాడు, వెనక నేల మీద రక్తం చారలు. ముందు నా దగ్గరకొచ్చి నా పాదాలు వాసన చూశాడు. తరువాత మా ఆయనవి, తరువాత చాప మీద పడుకున్న నా పిల్లవాడివి. ఏం కావాలో మాకు అర్థం కాలేదు, నీళ్ళు పెడితే తాగలేదు. చివరికి మామగారి పాదాల దగ్గరకు చేరి వాసన చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు. అప్పుడు మామగారు గోడకు చేరబడిపోయారు.

"మన ఇంట్లో ఎవురు పోయినారో అని వెతుకుతా ఉండాడమ్మా."

ఆ మాటతోనే వాడిని ఎత్తుకుని గుంటలోకి దిగారు, నేను వెళ్ళి రాట్నం ముందు కూర్చున్నాను. నాడె కదిలింది. రెండో రోజు పొద్దు వాలేవేళకు ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నవాడు పడుకున్నట్టే నల్లోడు పోయాడు. పాదానికి ఊపిరి తగలడం మానిన సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది, అయినా నేస్తూనే ఉన్నారు, కళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా.

మరునాడు మగ్గం, రాట్నం రెండూ ఆపించారు. ఎదురింటాయన వచ్చి, "ఏమప్పా, కుక్కకు కర్మాంత్రం కూడా చేస్తావా ఏంది?" అని ఎగతాళి చేశాడు.

"మాలో ఎవురు పోయినా వానికి తెలిసేదప్పా," అన్నారు మామగారు, "వాడు పోతే మాకు తెలియద్దా?"

ఇదంతా చెప్పి మా మనవరాలిని తలుపులు తెరవమన్నాను. పిల్లలు తిరిగొచ్చి గోల మొదలుపెట్టారు, మిక్సీ తిరిగింది, ఆ ముసలి ప్రాణి ఒక్కసారి తోక కదిలించి కళ్ళు మూసుకుంది. రెండు రోజులకు అలాగే పోయింది.

వస్తూ వస్తూ గుడియాత్తంలో మా పాత వీధిలో దిగి నడిచాను. ఒక్క ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు, ఎన్నడు ఏది ఆగిందో చెప్పేవారు లేరు. నల్లోడు ఉండుంటే గడప గడపకూ ఈడ్చుకుంటూ వెళ్ళి ఎవరు పోయారని వెతికి ఉండేవాడు. ఇప్పుడు అలా వెతికే ప్రాణి కూడా లేదు.

మీ ఇల్లు ఎప్పుడూ చప్పుడుతో నిండి ఉండాలి తల్లీ, మీ గడపలో మనిషైనా నోరులేని జీవమైనా బెదిరి పోకుండా, మీ పాదాల దగ్గరే చల్లగా కన్ను మూయాలి.