రేకుల గోడౌన్లో స్పీకర్ల కచేరీ

నేను స్పీకర్ల కోసం సంగీతం కూరుస్తాను. రెండింటి కోసం కాదు, పాతిక ముప్ఫయింటి కోసం. వినేవాళ్లు మధ్యలో కూర్చుంటే చుట్టూ, వెనక, తల మీదుగా శబ్దాలు కదులుతాయి. మిక్సర్ మీద మీటలు జరుపుతూ, ఏ శబ్దం ఎటు వెళ్లాలో నేను అప్పటికప్పుడు నడిపిస్తాను. హైదరాబాదులో, బెంగళూరులో చేశాను. తిరువూరులో మా బంధువులు మాత్రం, "అమ్మాయి మైక్ సెట్ల పని చేస్తుందట" అనుకునేవారు.

పోయిన వేసవిలో ఇక్కడే ఒకసారి వినిపించాలనిపించింది. నాన్న రైసు మిల్లు గోడౌన్ ఖాళీగా ఉంది. అడిగాను.

"పాడేదెవరే?" అన్నారు నాన్న.

"ఎవరూ పాడరు నాన్నా."

"మరి జనం ఎందుకొస్తారు?"

"వినడానికి," అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. అయినా తాళాలిచ్చారు.

విస్సన్నపేట నుంచి సౌండ్ సిస్టం ఆయన, పెళ్లిళ్లకు పెట్టే స్పీకర్లన్నీ వ్యానులో వేసుకొచ్చాడు. "స్టేజీ ఎటు కడుతున్నారమ్మా?"

"స్టేజీ లేదండి. ఇవన్నీ జనం చుట్టూ పెట్టాలి."

ఆయన వింతగా చూశాడు కానీ, దూలాలకు కూడా ఓపిగ్గా కట్టించాడు. ఒక్కో స్పీకరుది ఒక్కో గొంతు. ఆ తేడాలు సరిచేయడం మానేసి వాటినే వాడుకున్నాను. గరగరలాడే పాత హారన్ స్పీకర్లకు, మార్కెట్లో నేను రికార్డు చేసుకున్న మామిడికాయల వేలం కేకలు, పెద్ద పెట్టెలకు మా మిల్లు మోత.

సాయంత్రం గోడౌన్ నిండింది. జనం కాసేపు స్టేజీ కోసం వెతుక్కున్నారు. వేలం కేక ఒకటి వెనక నుంచి వచ్చి తలల మీదుగా దూసుకుపోయేసరికి అందరూ ఒక్కసారిగా పైకి చూశారు. ఎవరో గట్టిగా నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే వాన దంచింది. రేకుల మీద ఆ హోరుకు నా సంగీతం కొట్టుకుపోయింది. ఆపేద్దామా అనుకుని, చెవి ఒగ్గి విన్నాను. వాన కూడా ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తోంది, నా శబ్దాల్లాగే. మీటలన్నీ కిందికి దించేసి దాన్ని ఒంటరిగా వినిపించాను. తర్వాత దాని అడుగున, పెద్ద పెట్టెల్లోంచి మిల్లు మోతను మెల్లగా లేపాను. వాన పెరిగేకొద్దీ మోతను పెంచాను. నేల అదిరింది, కుర్చీలు అదిరాయి. చివరికి మోత మొత్తం ఒక్క దెబ్బతో ఆపేశాను. వాన మాత్రం మిగిలింది. ఆ తర్వాత చప్పట్లు.

నాన్న దగ్గరికొచ్చారు. "ఆ వాన కూడా నువ్వే పెట్టావా?"

"లేదు నాన్నా, నిజం వానే."

నమ్మలేదు. తలుపు దాకా వెళ్లి చెయ్యి బయటికి చాపి, తడిసిన అరచెయ్యి అందరికీ చూపిస్తూ పకపకా నవ్వారు.

వాన తగ్గాక, ఆ మోత విని రోడ్డు మీద ఆగినవాళ్లు కూడా లోపలికొచ్చారు. "మళ్లీ పెట్టండమ్మా," అని సౌండ్ సిస్టం ఆయనే ముందుగా అడిగాడు. నాన్న నడిమధ్యకు ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.