హార్లన్ క్విస్ట్ కుర్రాళ్ళు

అమెరికాలోని ఆల్డెన్ క్రీక్‌లో శనివారం విశ్వవిద్యాలయం జట్టు ఫుట్‌బాల్ ఆట ఉందంటే ఊరంతా మైదానానికి పడమటి వైపున చేరుతుంది. హార్లన్ క్విస్ట్ ఒక్కడే తూర్పు వైపు, ఎదుటి జట్టుతో బస్సుల్లో వచ్చిన పరాయి ఊరివాళ్ళ మధ్య, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చునేవాడు. 1967 శరత్కాలం దాదాపు చివరిదాకా అలాగే కూర్చున్నాడు. ఎవరన్నా అడిగితే, "ఇటైతే ఎండ బాగా తగుల్తుంది, కీళ్ళకి మంచిది" అనేవాడు. ఆ మాట ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

ఆ ఊరి విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్‌కి, అంటే బంతి చేత పట్టుకుని ఒకరినొకరు పడదోసుకునే అమెరికా వాళ్ళ ఆటకి, గొప్ప చరిత్రేమీ లేదు. 1909లో రైతుల పిల్లలు కొందరు మొక్కజొన్న కోసిన చేలో మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధానికి కుర్రాళ్ళంతా వెళ్ళిపోవడంతో ఆట మూతబడింది. 1955లో దాన్ని మళ్ళీ తెరిచి హార్లన్‌ని కోచ్‌గా పెట్టేనాటికి మైదానంలో మోకాలెత్తు గడ్డి ఉంది. అతను పాత టెలిఫోన్ స్తంభాలు అడిగి తెచ్చి గోల్ స్తంభాలుగా పాతాడు. ఆటగాళ్ళ బట్టలు భార్య వెర్డెల్ ఇంట్లోనే ఉతికేది. ఆదివారం పూట పెరటి తాళ్ళ నిండా ఎర్ర చొక్కాలు ఆరుతుంటే, క్విస్టులకి ఇంతమంది పిల్లలెప్పుడు పుట్టారని పొరుగువాళ్ళు వేళాకోళమాడేవారు. నిజానికి వాళ్ళకి పిల్లల్లేరు. వారం వారం రాత్రి భోజనానికి వచ్చి, పొయ్యి మీది కుండ అడుగు కనిపించేదాకా తినిపోయే ఆ కుర్రాళ్ళే వాళ్ళ పిల్లలు.

వాళ్ళని హార్లన్ ఊరూరా తిరిగి ఏరుకొచ్చాడు. అందరిలోకీ అతనికి ఇష్టమైనవాడు లెనర్డ్ ప్రొహాస్కా. చెక్ దేశం నుంచి వలసొచ్చిన రైతుల బిడ్డ, గాదె తలుపంత మనిషి. జట్టు ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకోవడం అతని పని. లెనర్డ్‌ని జట్టులోకి అడగడానికి వెళ్ళిన రోజు అతని తల్లి ఆల్‌బుకరా పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలు పళ్ళెం నిండా తెచ్చి హార్లన్ ముందు పెట్టింది.

"మావాడు చూడ్డానికే బండరాయి, కోచ్. మనసు వెన్న. చదువు చేతికి రాకుండా ఇంటికి పంపావో, మీ గుమ్మంలో వచ్చి కూచుంటా."

"అంతదాకా రానివ్వనమ్మా," అన్నాడు హార్లన్, నాలుగో రొట్టె అందుకుంటూ.

కుర్రాళ్ళు మంచివాళ్ళే గాని గెలుపులు మాత్రం అంతంతమాత్రం. 1966లో వరసగా ఓడారు. విశ్వవిద్యాలయం వాళ్ళు హార్లన్‌ని పిలిచి, కాఫీ ఇచ్చి, ఇక మీదట వ్యాయామ పాఠాలు చెప్పుకుంటే చాలన్నారు. అతని స్థానంలో రాలీ కెస్లర్ అనే యువకుణ్ణి తెచ్చారు. ఇస్త్రీ చెడని కోటు, అందరినీ పేరు పెట్టి పిలిచే నోరు. మరుసటి శరత్కాలంలో అదే జట్టు, అదే కుర్రాళ్ళు, ఒక్క ఆట కూడా ఓడకుండా దూసుకుపోయారు.

దుక్కి దున్నినవాడొకడు, పంట కోసుకుపోయినవాడు ఇంకొకడు. ఎక్కడ చూసినా కెస్లర్ బొమ్మే. మందుల షాపు అద్దంలో, బ్యాంకు గుమ్మంలో, చివరికి మంగలి షాపు గోడ మీద కూడా.

"ఏం మంత్రమేశాడో గాని, ఆ పిల్లల్లో ప్రాణం పోశాడయ్యా!" అన్నాడు మంగలి, హార్లన్ మెడ మీద కత్తెర ఆడిస్తూ.

సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి వచ్చేశాడు హార్లన్. మిగతా సగం వెర్డెల్ వంటింట్లో కూర్చోబెట్టి కత్తిరించింది.

"ఇలా కుళ్ళి కుళ్ళి చస్తావా ఏంటి?" అంది.

"నేనెందుకు కుళ్ళుతాను? వాడు నా ఆటలే ఆడిస్తున్నాడంటున్నా, అంతే."

"నీ ఆటలే అయితే నువ్వుండగా గెలవలేదేం?"

హార్లన్ మెడ మీది వెంట్రుకలు దులుపుకుని లేచాడు. గెలుపుల సంగతి ఎలాగో మింగేవాడేమో. కుర్రాళ్ళు భోజనానికి రావడం మానేశారు, అదే మింగుడుపడలేదు. కెస్లర్ ఇంటి ముందు వాళ్ళ సైకిళ్ళూ పాత కార్లూ కనిపించినప్పుడల్లా, ఎంత దూరమైనా సరే, వేరే వీధిన చుట్టి వచ్చేవాడు.

చివరి ఆటకి ముందు ఆటలో జరిగింది అది. మైదానం మధ్యలో కుప్పగా పడ్డ ఆటగాళ్ళంతా లేచారు, లెనర్డ్ లేవలేదు. కాలు పట్టుకుని అరుస్తున్నాడు. తూర్పు గ్యాలరీలో ఉన్న హార్లన్‌కి ముందు తోచిన మాట, 'ఇప్పుడెలా గెలుస్తావో చూస్తా, కెస్లర్!' ఆ మాట వెంట ఒక చిన్న సంతోషం కూడా వచ్చింది. రెండో క్షణానికి తానేమనుకున్నాడో తెలిసి, సిగ్గుతో టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు. స్ట్రెచర్ మైదానం దాటేదాకా లేవలేకపోయాడు.

మర్నాడు చర్చి అయ్యాక ఆసుపత్రికి వెళ్ళాడు. మంచం పక్కన కుర్చీలో కెస్లర్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కోటు నలిగి ముద్దయింది. అతని ఒడిలో పళ్ళెం, పళ్ళెంలో సగం కొరికిన కొలాచీ. ఆ రొట్టె చూడగానే హార్లన్ ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది. నిన్న సిగ్గుపడింది కూడా మర్చిపోయాడు. వెనక్కి తిరగబోతుంటే లెనర్డ్ పిలిచాడు.

"కోచ్! వచ్చారా? రారనుకున్నా."

"ఎందుకు రాను? ఎలా ఉందిరా?"

"చీలమండ విరిగిందట." కాసేపు దుప్పటి అంచు నలిపాడు. "కోచ్, ఒకటడుగుతా, తిట్టకండి. మీరు ఎదుటివాళ్ళ వైపు ఎందుకు కూచుంటున్నారు? మేమంతా ప్రతి ఆటకీ చూస్తానే ఉన్నాం. మేం ఓడి మీ ఉద్యోగం పోగొట్టామని కోపం కదా? ఆ మొహం పెట్టుకుని మీ ఇంటికెలా వస్తాం?"

ఈ కుర్రాళ్ళు తనని వదిలేశారని హార్లన్ ఏడాది పొడుగునా ఏడ్చాడు. వాళ్ళేమో అతనే తమని వదిలేశాడనుకున్నారు.

"మీ మీద కోపం కాదురా," అన్నాడు. కుర్చీ వైపు గడ్డంతో చూపించాడు. "ఆయన్ని చూస్తే ఓర్చుకోలేక."

"మంచిదే," అన్నాడు కెస్లర్ కళ్ళు తెరవకుండానే. "నేనూ అంతే."

"నీకేం తక్కువయ్యా?"

"వీళ్ళని అడుగు. ఏది చెప్పినా, 'క్విస్ట్ కోచ్ ఇలా చెప్పేవాడు కాదు.' భోజనానికి పిలిస్తే, 'వెర్డెలమ్మ చేసినట్టు లేదు.' మా ఆవిడ ఆ పేరు వింటేనే గరిటె విసిరేస్తోంది!"

లెనర్డ్ పకపకా నవ్వబోయి కాలు కదిలి కెవ్వుమన్నాడు. కెస్లర్ లేచి, కోటు దులుపుకుని, లెనర్డ్ స్థానంలో నిలబడేవాణ్ణి తయారుచేయడానికి ఈ వారం వస్తావా అని హార్లన్‌ని అడిగాడు.

"రాను," అన్నాడు హార్లన్. "నీ జట్టు నువ్వే నడుపుకో."

రాలేదు కూడా. చివరి ఆటకి మాత్రం పడమటి వైపున, లెనర్డ్ తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె జేబులో రొట్టెలు తెచ్చింది. ముప్పాతిక ఆట అయ్యేసరికి జట్టు చిత్తుగా ఓడిపోతోంది. అతనికి ఈసారి సంతోషం రాలేదు, కెస్లర్ భుజాలు కుంగడం చూస్తే జాలి కూడా రాలేదు. రెండింటికీ మధ్య ఏదో ఉండిపోయింది.

ఏడాది తిరక్కుండా కెస్లర్‌ని పెద్ద విశ్వవిద్యాలయం ఎగరేసుకుపోయింది. ఆల్డెన్ క్రీక్ వాళ్ళు మళ్ళీ హార్లన్ గుమ్మం ఎక్కారు. ఈసారి కాఫీ అతనే ఇచ్చి, వద్దన్నాడు. వెర్డెల్ కారణం అడిగితే, "ఓడితే నన్ను తిడతారు, గెలిస్తే కెస్లర్ పెట్టిన భిక్ష అంటారు" అన్నాడు.

లెనర్డ్‌కి మళ్ళీ ఆడే యోగం లేకపోయింది. చదువు మాత్రం పూర్తిచేసి, తల్లి ఊరికి దగ్గర్లో హైస్కూలు మాస్టరయ్యాడు, అక్కడి జట్టుకి కోచ్ కూడా. మొదటి ఏడాదే ఆ పిల్లల్ని రాష్ట్రస్థాయి ఆట దాకా తీసుకెళ్ళాడు. పత్రికలో జట్టు ఆడుతున్న ఫొటో పడింది. హార్లన్ దాన్ని పొద్దున్నించీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"వాడి మీద కూడా పడిందా ఏడుపు?" అంది వెర్డెల్.

"కాస్త," అన్నాడు హార్లన్. "ఫోన్ ఇటు అందించు. వాడి ముందు వరస నిలబడే తీరు బాలేదు, చెప్పాలి."