దెయ్యం లేని నాపరాళ్ల ఇల్లు

మొన్న మా మనవడు ఫోను తెచ్చి నా ముక్కుకు ఆనించి, ఎప్పుడో మన మాచవరం దగ్గర తీసిన దెయ్యం సినిమా ‘నాపరాళ్ల ఇల్లు’ను ఇప్పుడు కుర్రకారంతా నెత్తిన పెట్టుకుంటున్నారని, దానికి ‘కల్ట్’ అని పేరు కూడా వచ్చిందని చెబుతుంటే, నాకు సినిమా కాదు, మా నాన్న గుర్తొచ్చాడు. ఎందుకంటారా, ఆ పేరు ముందు మా నాన్నది.

గురజాల బడిలో తెలుగు చెప్పే నాన్న, ఆ సినిమాకు ఏళ్ల ముందే అదే పేరుతో నవల రాసి, సొంతంగా అచ్చు వేయించి లైబ్రరీకిచ్చాడు. మొగుడు పోయిన ముసలమ్మ ఒకతె రాయి మోసి ఇల్లు కట్టుకున్న కథ అది, దెయ్యం ఊసే లేదు. అదే పేరుతో వినుకొండ కవిగారొకరి పద్యాల పుస్తకమూ ఉండేది గానీ, పాపం, రెండింటినీ ముట్టినవాడు లేడు.

నరసరావుపేటలో ఆ సినిమాను వారం తిరక్కుండానే ఎత్తేసేసరికి, చూడలేకపోయినవాళ్లంతా కథైనా చదువుదామని లైబ్రరీకి ఎగబడ్డారు. పద్యాలు పట్టుకెళ్లినవాళ్లు మర్నాడే తెచ్చిచ్చారు. నవల పట్టుకెళ్లినవాళ్లు బజార్లో నాన్నను ఆపి, దెయ్యం ఎన్నో పేజీలో వస్తుందని అడిగేవారు. అసలే ఆయనకు ముక్కు మీద కోపం. తన పుస్తకం నవ్వులాటైందని, వెనక్కి తెచ్చేసుకుంటానని, ఇక జన్మలో కలం ముట్టనని, అమ్మ వారిస్తున్నా వినకుండా చొక్కా వేసుకుని బయల్దేరాడు.

గుమ్మంలోనే ఎదురింటి పిన్ని కనిపించింది, చేతిలో అదే పుస్తకం. బాబాయి పోయాక రాళ్ల క్వారీలో పనిచేసి పిల్లల్ని సాకిన మనిషి ఆమె. తానూ దెయ్యం కోసమే తెచ్చుకున్నానని దాచకుండా చెప్పింది.

“దెయ్యం రాలేదు బావగారూ, రాకపోతే మానె. ఆ ముసల్ది గోడ లేపేకాడ చానా ఏడ్చా. ఇంకోటి రాయండి.”

నాన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకున్నాడు, కన్ను మూసేదాకా రాస్తూనే ఉన్నాడు. అలాంటి తండ్రి కడుపున పుట్టానని ఇప్పటికీ గర్వంగా ఉంటుంది నాకు.

ఇప్పుడు ఫోనులో పేరు కొడితే అడిగిన సినిమా ఒక్కటే వస్తుంది. మనలాగా ఒకదాని కోసం పోయి పొరపాటున ఇంకోటి తెచ్చుకునే భాగ్యం ఈ పిల్లలకు లేదు. అందుకే బీరువాలోంచి నాన్న నవల తీసి మనవడి చేతిలో పెట్టాను. ఇందులో దెయ్యం ఉందా తాతయ్యా అని అడిగాడు.

“ఉందిరా, చివర్లో వస్తది. చదువు,” అన్నాను.